తలుపు తట్టి ఆగే ఆవిడ

ఆ లాడ్జిలో ఆవిణ్ణి అందరూ తాళాలమ్మ అనే పిలుస్తారు. వినడానికి ఏదో దేవత పేరులా ఉంటుంది గానీ, అది నడుముకి వేలాడే గుత్తి వల్ల వచ్చిన పేరు. గదులు శుభ్రం చేసే ఆడవాళ్ళందరికీ ఆవిడే పెద్ద. వరండాలో ఆ గుత్తి గలగలమంటే చాలు, మెట్ల మీద కబుర్లాడుకుంటున్న వాళ్ళు చీపుళ్ళు అందుకుంటారు. బకెట్లు వాటంతటవే నడిచినట్టు గదుల్లోకి మాయమవుతాయి.

ఆవిడ పని చేస్తుంటే చూసి తీరాలండీ. దుప్పటి ఒక్క విసురుకి గాల్లోకి లేచి, ముడత అన్నది లేకుండా పరుపు మీద వాలుతుంది. తలదిండు నొక్కుకుపోయిన తీరు చూసి, అక్కడ పడుకున్న మనిషి హాయిగా నిద్రపోయాడో, అటూ ఇటూ దొర్లాడో చెప్పేస్తుంది. కుర్చీ కిటికీ వైపు తిరిగి ఉండి, పక్కన తాగని టీ చల్లారిపోయి ఉంటే, "పాపం, ఎవరి కోసమో ఎదురుచూశారే ఈ గదిలో" అంటుంది. గది అన్నది ఆవిడకి తెరిచిన పుస్తకం.

అయితే ఆ పుస్తకాన్ని పైపైన చదవాలి తప్ప పేజీ తిప్పకూడదు. గెస్టు సామాన్ల మీద చెయ్యి వెయ్యకూడదు. పెట్టె సగం తెరిచి ఉన్నా, దిండు కింద నుంచి కాగితం తొంగిచూస్తున్నా, చూపు తిప్పుకోవాలి. కొత్తగా పనిలో చేరిన ప్రతి పిల్లకీ తాళాలమ్మ చెప్పే మొదటి పాఠం ఇది.

రెండో పాఠం తలుపు గురించి. వేలి కణుపుతో మెల్లిగా తట్టాలి. ఆగాలి. "రూమ్ క్లీనింగ్" అనాలి. మళ్ళీ ఆగాలి. చెవి ఒగ్గి వినాలి. అప్పుడు గానీ తాళం చెవి పైకి తీయకూడదు. గది ఖాళీ అయిందని కింద కౌంటర్లో చెప్పినా సరే, తాళం చెవి అక్కడ మేకుకి వేలాడుతున్నా సరే, తట్టాల్సిందే. పాతికేళ్ళ పైబడి తట్టీ తట్టీ ఆవిడకి అది ఊపిరితో సమానమైపోయింది. సిటీ బస్సులో కండక్టరుగా చేసి రిటైరైన ఆవిడ భర్త దీన్ని నలుగుర్లో చెప్పి నవ్విస్తుంటాడు.

"మా ఆవిడ ఫ్రిజ్ తలుపు కూడా తట్టే తీస్తుందండీ. లోపల పాలగిన్నె బట్టలు మార్చుకుంటూ ఉంటుందేమోనని!"

"మీరు టిక్కెట్ అడక్కుండా మన గుమ్మంలోకి ఎవర్నైనా రానిచ్చారా ఇన్నేళ్ళలో? చెప్పొచ్చారు!" అని ఆవిడా ఊరుకోదు.

ఇంత పద్ధతి గల మనిషికి దయ్యాల ఆటల పిచ్చి పట్టిందంటే నమ్ముతారా? పట్టింది మరి. పట్టించింది కూతురు.

ఒక్కగానొక్క కూతురు. బీమా కంపెనీలో కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగం చేసేది. ఒకరోజు వచ్చి, ఉద్యోగం మానేశాను, సొంతంగా కంప్యూటర్ ఆట తయారు చేస్తాను అంది. తండ్రి నోరు వెళ్ళబెట్టాడు. తల్లి కొంగు దోపుకుంది. ముందు గదిలో సోఫా జరిపి, బల్లకి చోటు చేసింది. ఏడాది గడువు అని పిల్లే పెట్టుకుంది. ఆలోగా ఆటని ఎవరైనా తీసుకుని బయటికి తెస్తే సరే, లేకపోతే మళ్ళీ ఆ పాత కుర్చీలోకే.

"ఆ కుర్చీలో కూర్చుంటే నాకు ఊపిరాడదమ్మా" అంది ఒకే ఒక్కసారి. ఆ మాట తాళాలమ్మ మనసులో ముల్లులా దిగబడిపోయింది.

అసలు ఆటంటే ఏమిటో చూద్దామని మొదట కూతురి భుజం మీంచి తొంగిచూసింది. అది విసుక్కుని, పాత కంప్యూటర్ ఒకటి వెనక గదిలో పెట్టి, అందులో అలాంటి ఆటలే కొన్ని ఎక్కించి ఇచ్చింది. ఇక చూస్కోండి!

ఆ ఆటల్లో కాల్చడాలూ నరకడాలూ ఉండవు. పరుగులూ ఉండవు. తెర మీద ఒక గది ఉంటుంది. మసక వెలుతురు. ఎక్కడో కుళాయి చుక్క పడుతున్న చప్పుడు. పక్క గదిలో ఎవరో కుర్చీ జరిపినట్టు అనిపించీ అనిపించకుండా ఒక అలికిడి. మనం చెయ్యాల్సిందల్లా మౌసు బాణాన్ని ఏదో ఒక వస్తువు మీద పెట్టి నొక్కడమే. సొరుగైతే తెరుచుకుంటుంది. పటమైతే దగ్గరికొస్తుంది. తాళం చెవి దొరికితే మన సంచిలో పడుతుంది. ఆ చెవి ఏ తలుపుదో, ఆ బొమ్మ తల ఎటు తిప్పితే గోడలో అర తెరుచుకుంటుందో, బుర్ర పెట్టి మనమే కనిపెట్టాలి. తొందరపెట్టే వాళ్ళు లేరు. గది మన కోసం ఆగుతుంది. గంట సేపు చెంపకి చెయ్యి ఆన్చుకుని కూర్చున్నా అలాగే ఆగుతుంది.

తాళాలమ్మకి ఒళ్ళు పులకరించిపోయింది. జీవితమంతా చూపు తిప్పుకున్న మనిషి కదా! ఇన్నాళ్ళకి "చూడు, తెరువు, దిండెత్తు, ఆ ఉత్తరం చదువు" అని బతిమాలే గదులు దొరికాయి. పరుపు కింద చెయ్యి పెట్టినా తప్పు లేదు. పెట్టకపోతేనే తప్పు. ఇక భయం అంటారా, అది కూడా మర్యాదగానే వస్తుంది. కెవ్వున మీద పడదు. మూల నించుని ఉంటుంది. మనం అడుగేస్తేనే అదీ అడుగేస్తుంది. అడుగెయ్యాలా వద్దా అన్నది మన వేలి చివరే ఉంటుంది. గుండె దడదడలాడుతూనే ఉంటుంది, వేలు మాత్రం "ఇంకొక్క సొరుగు" అంటుంది.

మధ్యాహ్నం డ్యూటీ దిగి ఇంటికొచ్చేసరికి వెనక గదిలో ఎండ తిన్నగా తెర మీద పడేది. చీకటి గదులు కనపడేవి కావు. అందుకని లాడ్జిలో పక్కన పడేసిన తెల్ల దుప్పటి ఒకటి తెచ్చి, తననీ కంప్యూటర్నీ కలిపి కప్పేసుకుని ఆడేది. ఒకరోజు భర్త కునుకు తీసి లేచి, వెనక గదిలోకి వచ్చి చూస్తే ఏముంది? తెల్లగా, గుడారంలా, మెల్లిగా ఊగుతూ, లోపల్నుంచి నీలం వెలుగు. పై ప్రాణాలు పైనే పోయాయి మనిషికి. ఆయన పెట్టిన కేకకి ముందు గదిలోంచి కూతురు పరిగెత్తుకొచ్చింది.

"అబ్బ, నెమ్మదండీ!" అంది దుప్పటి కింద నుంచి తాళాలమ్మ. "ఇప్పుడే బీరువా తెరిచాను, లోపలేదో కదుల్తోంది!"

లాడ్జిలో బట్టలుతికే విభాగంలో ఇస్త్రీ చేసే స్నేహితురాలు ఉంది. నోటికి అడ్డూ ఆపూ లేదు. ఈ సంగతి విని నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడింది.

"పొద్దుట్నుంచి గదులు తుడిచి, ఇంటికెళ్ళి మళ్ళీ గదులేనా అక్కా? అందులోనూ దయ్యాలున్న గదులు!"

"మనం తుడిచే గదుల్లో దయ్యాలు లేవని ఎవరు చెప్పారే? అద్దె కట్టి వెళ్ళిపోతున్నాయంతే!"

ఇలా నవ్వులాటల్లో రోజులు దొర్లాయి గానీ, ముందు గదిలో మాత్రం నవ్వు తగ్గుతూ వచ్చింది. పిల్ల పెట్టుకున్న గడువు దగ్గర పడింది. పెద్ద హాల్లో కొత్త ఆటల ప్రదర్శన ఒకటి పెడుతున్నారు. అక్కడికి ఆటలు తీసుకునే కంపెనీ వాళ్ళు వస్తారు. అక్కడ కుదిరితే కుదిరినట్టు, లేకపోతే లేదు. ఆట చూడ్డానికి ఎంత బాగుందో! మూతబడిన పాత విశ్రాంతి గృహం. బయట వాన. అందులో దిగి మళ్ళీ కనపడని అక్కని వెతుక్కుంటూ ఒక చెల్లెలు వస్తుంది. ఒక్కో గదీ తెరుచుకుంటూ పోవాలి. గోడ కాగితాల మీద చెమ్మ మరకలు కూడా ఎవరో చేత్తో అద్దినట్టున్నాయి. కానీ ఆడి చూసిన స్నేహితులందరూ ఒకటే మాట.

"బాగుంది అన్నారమ్మా." పిల్ల కుర్చీలో వెనక్కి వాలింది. "ఆవులిస్తూ అన్నారు. హడలి చచ్చాం అని ఒక్కరంటే ఒక్కరు అనలేదు. దయ్యాల ఆటకి 'బాగుంది' అంటే తిట్టు."

"నన్ను ఆడనీ."

"సరే, నీకు కొంచెం తేలిగ్గా చేసి ఇస్తా ఉండు."

"ఏం, నాకెందుకే తేలిగ్గా? నీ కన్నా ఎక్కువ గదులు చూశాను నేను! జరుగు."

తాళాలమ్మ కళ్ళజోడు సవరించుకుని కూర్చుంది. వెనక కూతురు, నోరు మెదపనని ఒట్టేసి, చేతులు కట్టుకుని నిలబడింది. చెల్లెలు వాన లోంచి లోపలికొచ్చింది. కౌంటర్ మీద దీపం వెలిగించింది. మేకులకి వేలాడుతున్న తాళం చెవుల్లో ఒకటి తీసుకుంది. వరండాలో మొదటి గది ముందుకొచ్చింది. తాళాలమ్మ తలుపు మీద బాణం పెట్టి, మెల్లిగా, మర్యాదగా ఒక్కసారి నొక్కింది. ఆవిడ దృష్టిలో అది తట్టడం.

తలుపు భళ్ళున తెరుచుకుంది.

"అయ్యో, క్షమించండి!" అంది తాళాలమ్మ కంగారుగా, తెరతో. గబగబా వెనక్కొచ్చేసి తలుపు మూసేసింది. "ఇదేమిటే, తట్టగానే తెరిచేసుకుంది?"

"తట్టడం ఏంటమ్మా? నొక్కితే తెరుచుకుంటుంది. వెళ్ళు లోపలికి."

"తట్టకుండానా?"

"లోపల ఎవరూ లేరు. ఖాళీ ఇల్లు!"

"ఎవరూ లేరని నీకెలా తెలుసు? తట్టావా?"

మళ్ళీ ఒకసారి ప్రయత్నించింది. మళ్ళీ తలుపు తెరుచుకుంది. మళ్ళీ బయటికొచ్చి మూసేసింది. ఎంత చెప్పినా ఆవిడ వేలు ఆ గడప దాటనంది. చివరికి పిల్ల ఒట్టు గాలికి పోయింది.

"నువ్వు ఆట ఆడట్లేదమ్మా, డ్యూటీ చేస్తున్నావు! ఇది నీ లాడ్జి కాదు!"

ఆ మాట సూటిగా తగిలింది. తాళాలమ్మ మూతి ముడుచుకుని లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. కాసేపు అక్కడ గిన్నెలే మాట్లాడాయి. తర్వాత గుమ్మంలో పిల్ల నీడ పడింది. తిట్టించుకోడానికి సిద్ధపడి వచ్చిన మొహం.

"అమ్మా, తప్పయింది. ఒకటి నిజంగా అడుగుతున్నా. ఖాళీ గదని తెలిసి కూడా తడతావు కదా. దేనికి?"

తాళాలమ్మ చెయ్యి తుడుచుకుంది. కోపం ఎక్కువసేపు నిలిచే రకం కాదు.

"దేనికంటే, ఒకసారి పలికింది కనక."

"ఏం పలికింది?"

"నేను చేరిన కొత్తల్లో. వరండా చివరి గది. పొద్దున్నే ఖాళీ చేశారని చెప్పారు. తాళం చెవి నా చేతిలోనే ఉంది. నేర్పిన పాఠం కదా అని తట్టాను. ఆగాను. లోపల్నుంచి ఎవరో, ఏదో తొట్టిలోంచి మాట్లాడినట్టు, 'ఇప్పుడొద్దమ్మా, కాసేపాగి రండి' అన్నారు. నేను 'సరేనండీ' అని పక్క గదికి వెళ్ళిపోయాను. సగం దుప్పటి పరిచాక గుర్తొచ్చింది. ఆ గదిలో ఎవరూ లేరు కదా అని! బకెట్ అక్కడే వదిలేసి దిగానే మెట్లు. కాళ్ళు నేల మీద ఆనాయో లేదో కూడా తెలీదు."

"ఎవరమ్మా లోపల?" పిల్ల ఒక అడుగు ముందుకేసింది.

"ప్లంబరు. బాత్రూంలో కూర్చుని పైపు బిగిస్తున్నాడు. ఎవరికీ చెప్పకుండా వెళ్ళి కూర్చున్నాడు వెధవ."

కూతురు నవ్వుతుందనుకుంది. నవ్వలేదు. కళ్ళు పెద్దవి చేసుకుని అలాగే నిలబడిపోయింది. కాసేపటికి తల్లి బుగ్గ మీద టపీమని ముద్దు పెట్టి, ముందు గదిలోకి పోయి తలుపేసుకుంది. ఆ తర్వాత తల్లిని ఆ గదిలోకి రానిస్తే ఒట్టు. టీ గ్లాసు కూడా గుమ్మం దగ్గరే అందుకునేది.

ప్రదర్శన రోజు రానే వచ్చింది. డ్యూటీ దిగి, బట్టలు మార్చుకునే తీరిక లేక యూనిఫాం మీదే హాలుకి వచ్చింది తాళాలమ్మ. ఆయన ముందే వచ్చి గుమ్మంలో ఎదురుచూస్తున్నాడు. లోపల వరసగా బల్లలు, కంప్యూటర్లు, వైర్లు. ఏదో బల్ల దగ్గర ఢాం ఢాం అని తుపాకుల మోత, చుట్టూ జనం. తమ పిల్ల బల్ల ముందు ఒక్కరూ లేరు.

పిల్ల మొహం చూస్తే తల్లికి అర్థమైపోయింది.

"ఏమైందే?"

"తలుపులు మార్చానమ్మా. ఇప్పుడు నొక్కితే తెరుచుకోవు. తట్టినట్టు చప్పుడవుతుంది. ఆగాలి. కాసేపు ఆగితే గడియ తీసిన చప్పుడొస్తుంది. కానీ ఎవరూ ఆగట్లేదు!"

చెప్తుండగానే ఒకతను వచ్చి కూర్చున్నాడు. హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాడు. మొదటి తలుపు దగ్గరికొచ్చి టకటకటకా నొక్కాడు. తెరుచుకోలేదు. మళ్ళీ టకటకటకా. "డోర్ పనిచేయట్లేదండీ" అని హెడ్‌ఫోన్లు బల్ల మీద పెట్టి లేచిపోయాడు. పొద్దుట్నుంచీ ఇదే వరసట. కంపెనీ తరఫున ఆటలు చూస్తూ వస్తున్నావిడ, నెరిసిన పొట్టి జుట్టు, మెడలో కార్డు, ఇంకొన్ని బల్లల అవతలే ఉంది.

"పాత తలుపుల కాపీ కూడా తెచ్చాను" అంది పిల్ల, తల్లి కళ్ళలోకి చూడకుండా. "అదే పెట్టేస్తా. తట్టడం మనిద్దరికే నచ్చింది."

తన చాదస్తం పిల్ల కూటికి అడ్డం పడిందే అనుకుంది తాళాలమ్మ. మళ్ళీ ఆ కుర్చీ, ఊపిరాడని కుర్చీ, కళ్ళ ముందు కదిలింది. పెట్టెయ్యమ్మా పాతదే అని నోటి దాకా వచ్చింది. కానీ అసలు ఈ కొత్త తలుపులు ఎలా ఉన్నాయో తను చూడనే లేదు కదా!

"ఒక్కసారి నన్ను కూర్చోనీ. తర్వాత నీ ఇష్టం."

"ఇక్కడా? అందరి ముందూనా?"

"అందరి ముందూనే. ఆ చెవులకి పెట్టుకునేవి పీకెయ్. చప్పుడు బయటికి రానీ."

కూర్చుంది. కళ్ళజోడు సవరించుకుంది. వాన చప్పుడు బల్ల దాటి నాలుగు వైపులా పాకింది. యూనిఫాంలో ఒక పెద్దావిడ వచ్చి దయ్యాల ఆట ముందు కూర్చుందంటే ఎవరైనా ఆగి చూస్తారు కదండీ. ఒకరిద్దరు ఆగారు. మొదటి తలుపు. తాళాలమ్మ ఒక్కసారి నొక్కింది. టక్ టక్ అని, చెక్క మీద వేలి కణుపు చప్పుడు, అచ్చం. ఆవిడ మౌసు మీద నుంచి చెయ్యి తీసేసి, ఒళ్ళో పెట్టుకుని ఆగింది. చెవి ఒగ్గి వింది. ఆవిడతో పాటు వెనక నిలబడ్డ వాళ్ళు కూడా, తెలియకుండానే, తలలు కాస్త వాల్చి విన్నారు. వాన. ఎక్కడో చుక్క. ఇంకేం లేదు. అప్పుడు గడియ మెల్లిగా ఊడింది.

"చూశారా," అంది తాళాలమ్మ ఎవరితోనో. "తొందరపడితే తెరవరు మరి."

లోపలికెళ్ళింది. ఇక ఆవిడ చేతికి అడ్డేముంది? సొరుగులన్నీ లాగింది. దిండ్లెత్తింది. పరుపు తిరగేసింది. "అబ్బబ్బ, ఏం దుమ్మే! ఈ అంతస్తు ఎవరు చూసేవాళ్ళో గానీ ఉద్యోగంలోంచి తీసెయ్యాలి" అంది. వెనక ఫక్కున నవ్వారు. ఆ నవ్వుకి ఇంకా కొందరొచ్చారు. తుపాకుల బల్ల దగ్గర్నుంచి కూడా ఒకరిద్దరు ఇటు జరిగారు. రెండో తలుపు తట్టింది, ఆగింది. మూడోది తట్టింది, ఆగింది. ఆగినప్పుడల్లా వెనక గుంపు గప్‌చిప్. అక్క దువ్వెన దొరికింది. అక్క రాసి చింపేసిన ఉత్తరం ముక్కలు దొరికాయి, వాటిని బల్ల మీద పేర్చి అతికిస్తే వరండా చివరి గది సంగతి తెలిసింది.

ఆ గది చెవి కౌంటర్ దగ్గర మేకుకే ఉంది. అంటే ఖాళీ. తాళాలమ్మ చెవి తీసుకుని వరండా చివరికొచ్చింది. తట్టింది. చెయ్యి ఒళ్ళో పెట్టుకుంది. గడియ ఊడలేదు. మళ్ళీ తట్టింది. ఈసారి ఆవిడ నోరు దానంతటదే తెరుచుకుంది.

"రూమ్ క్లీనింగ్!"

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు ఇంకా సగంలో ఉండగానే తలుపు అవతల్నుంచి, చాలా దగ్గర్నుంచి, చెక్కకి పెదవులు ఆన్చి మాట్లాడినట్టు, ఒక ఆడగొంతు పలికింది.

"ఇప్పుడొద్దు. కాసేపాగి రండి."

"సరేనమ్మా" అంది తాళాలమ్మ. అని, బాణాన్ని తిప్పేసి, చెల్లెల్ని వెనక్కి నడిపించడం మొదలుపెట్టింది.

అందరూ గొల్లుమన్నారు. కానీ ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. నడుస్తున్న కొద్దీ ఒక్కొక్కరికీ తట్టింది, ఆ గది చెవి మన చేతిలోనే ఉంది కదా అని. తాళాలమ్మకీ అప్పుడే తట్టింది. వెన్నులో ఎవరో తడిగుడ్డ పిండినట్టయింది. ఆ గొంతు తన కడుపున పుట్టిన పిల్ల గొంతే. పసితనంలో చెంబుతో నీళ్ళు పోస్తే ఏడ్చిన గొంతు, మొన్నటికి మొన్న టీలో పంచదార చాల్లేదని అరిచిన గొంతు. తెలిసి కూడా అరచేతులు చల్లబడిపోయాయి. వెనక, దూరంగా, మెల్లిగా గడియ ఊడిన చప్పుడు. వరండా మలుపులో నిలువుటద్దం ఉంది. అద్దంలో చివరి గది తలుపు తెరిచి ఉంది. తలుపు వెనక ఏమీ లేదు. ఏమీ లేదు, అంతే.

కెవ్వున అరిచింది తాళాలమ్మ కాదు. ఆయన.

"నాకు ముందే తెలుసు, అయినా అరిచాను!" అన్నాడు గుండె రాసుకుంటూ. "ఆ మాట మొదట పిల్ల నాతోనే చెప్పించింది. నేను చెప్తే 'వెనక బస్సు ఖాళీగా వస్తోంది' అన్నట్టుందట, వద్దంది!"

హాలు ఆ మూలంతా నవ్వుతో అదిరిపోయింది. నవ్వుతూనే ఒకళ్ళ మోచేతులు ఒకళ్ళు పట్టుకుని ఉన్నారు. గుంపు పక్కకి జరిగితే, పొట్టి జుట్టావిడ మెడలో కార్డు పట్టుకుని అక్కడే నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో ఎవరూ చూడలేదు.

"నేనొకసారి కూర్చోవచ్చా?" అంది. "మొదట్నుంచి. హెడ్‌ఫోన్లతో."

తాళాలమ్మ చటుక్కున లేచి కుర్చీ ఖాళీ చేసింది. ఆవిడ కూర్చుంది. తల్లీ కూతుళ్ళిద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నారు. ఆవిడ మొదటి తలుపు మీద ఒక్కసారి నొక్కింది. మౌసు మీద నుంచి చెయ్యి తీసి, ఒళ్ళో పెట్టుకుని ఆగింది.

ఆవిడ ఆగగానే తాళాలమ్మ గట్టిగా ఊపిరి వదిలింది.

ఒక్కో తలుపూ తట్టుకుంటూ చివరి గది దాకా వచ్చింది. అక్కడ తట్టింది. ఆగింది. హెడ్‌ఫోన్లలో ఏం వినిపించిందో ఇక్కడి వాళ్ళకి తెలుసు. ఆవిడ భుజాలు రెండూ ఒక్కసారిగా చెవుల దాకా లేచాయి. హెడ్‌ఫోన్లు తీసి, వెనక్కి తిరిగి, ముంజేతి మీద లేచి నిలబడ్డ వెంట్రుకలు చూపించింది.

"ఈ తట్టడం ఎవరి ఆలోచన?"

"మా అమ్మదండీ" అంది పిల్ల వెంటనే. "మా అమ్మ లాడ్జిలో హౌస్ కీపింగ్ చూస్తుంది." ఆ మాట ఎంత నిటారుగా అందంటే, అదేదో పెద్ద బిరుదు చదివినట్టుంది.

"ఆగండాగండి," తాళాలమ్మ అడ్డొచ్చింది. "తట్టడం వరకే నాదండీ. పలికించింది ఇది. నేనిన్నేళ్ళు తట్టాను, ప్లంబరు తప్ప ఒక్కడూ పలకలేదు. ఖాళీ గది చేత మాట్లాడించడం నా వల్ల అవుతుందా? అది ఇదిగో, దీని తెలివి. నా కూతురు."

ఎందుకో తెలీదు, యూనిఫాం కాలర్ సర్దుకుంది. పొట్టి జుట్టావిడ నవ్వి, పిల్లతో కరచాలనం చేసింది. ఈ ఆట మేమే తీసుకుంటాం, వేరే ఎవరికీ మాటివ్వకండి, రేపు ఆఫీసుకి రండి, కూర్చుని మాట్లాడుకుందాం అంది. పిల్ల రెండు చేతులూ జోడించేసింది. తండ్రి గబుక్కున ముందుకొచ్చి, "వస్తుందండీ, నేను తీసుకొస్తా" అన్నాడు. ఆవిడ వెళ్ళిపోయాక గానీ పిల్లకి ఏడుపు రాలేదు. తల్లి భుజం మీద మొహం పెట్టి ఏడ్చి, అదే ఊపులో నవ్వేసింది.

"ఆ కుర్చీ ఇక ఎవరికైనా ఇచ్చెయ్యమని చెప్పు ఆ బీమా వాళ్ళకి" అంది తాళాలమ్మ.

బల్ల ముందు అప్పటికే వరస కట్టారు. "ఆంటీ, తట్టి ఎంతసేపాగాలి?" అని అడుగుతున్నారు. "లోపల మనిషి లేచి వచ్చేంతసేపు" అని చెప్తోంది. సాయంత్రానికి హాలు ఖాళీ అయ్యింది. చుట్టుపక్కల వైర్లు చుట్టేస్తున్నారు, బల్లలు మడిచేస్తున్నారు. పిల్ల కూడా కంప్యూటర్ ఆపబోయింది. తాళాలమ్మ ఆ చెయ్యి పట్టుకుంది.

"ఆపకే. నేను అద్దం దగ్గరే ఆగిపోయాను. ఆ గదిలోకి ఇంకా వెళ్ళనే లేదు."

"ఇంటికెళ్ళి ఆడొచ్చమ్మా. అసలు ఆ అక్క ఏమైందంటే..."

"చెప్పావంటే చంపేస్తాను!"

"పోనీ నాకు చెప్పవే," అన్నాడు ఆయన కూతురి చెవిలో. "మొదట్నుంచీ నా ప్రాణం ఆ అక్క మీదే ఉంది."

"మీరు బయటికి నడవండి ముందు. మీ మొహం చూస్తే నాకు తెలిసిపోతుంది" అని ఆయన్ని తరిమేసి, తాళాలమ్మ కుర్చీ ముందుకి లాక్కుంది.